భయం నుండి అభయం: ఉగ్రవాదుల వేటలో న్యాయపు కొలత

దివ్యఖుర్ఆన్‌లోని ఖురైష్ సూరా నాలుగే ఆయతుల చిన్న సూరా. శీతకాలంలోను, వేసవిలోను బిడారు కట్టి వర్తకానికి వెళ్ళే మక్కా వాసులకు అల్లాహ్ చేసిన మేళ్ళుగా అందులో రెండింటినే ఎత్తి చెప్పడం జరిగింది. ఒకటి ఆకలి తీర్చడం, రెండవది భయం తొలగించడం. వర్తకంతో బ్రతికే ఊరికి ఈ రెండూ వేరు కావు. బాట భద్రంగా లేకుంటే బిడారు కదలదు. బిడారు కదలకుంటే పొయ్యి రాజదు. అందుకే ప్రజల ప్రాణానికి, ధనానికి, మానానికి రక్షణ కల్పించడం పాలకుని ముఖ్య కర్తవ్యమని ఫుఖహా చెప్పారు.

విశాఖపట్నం వంటి రేవు పట్టణానికి ఈ సంగతి అనుభవంలో తెలిసినదే. 1933లో రేవు తెరచిన నాటి నుండి ఆ ఊరి కూడు సముద్రం మీదుగా వస్తున్నది. రేవు, ఓడల నిర్మాణ కేంద్రం, చమురు శుద్ధి కర్మాగారం, ఉక్కు కర్మాగారం, తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం అన్నీ ఒక్క ఊరి పరిధిలోనే ఉన్నాయి. రేవు ముఖాన కొండల మీద దర్గా, చర్చి, వేంకటేశ్వరాలయం ఒకదానికొకటి కనుచూపు మేరలో నిలిచి ఉన్నాయి. భయమంటే ఏమిటో కూడా ఆ ఊరు ఎరుగును. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు బాంబులు వేసినప్పుడు జనం ఇళ్ళకు తాళాలు వేసి పల్లెలకు తరలిపోయారు. 2008 నవంబరులో ముంబయిపై దాడి చేసినవారు సముద్రం మీదుగానే వచ్చారు. ఆ తరువాత తీరమంతటా కావలి పెరిగింది. జాలరి చేతికి గుర్తింపు కార్డు వచ్చింది. 2025 మే నెలలో పొరుగున ఉన్న విజయనగరంలోనే పేలుళ్ళ కుట్ర ఆరోపణపై ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు. నిజానిజాలు న్యాయస్థానం తేల్చవలసినవి.

కాబట్టి ప్రమాదం వట్టి కల్పన అని వాదించడం సత్యానికి దూరం. ప్రమాదాన్ని వెదికే పనిలో ప్రభుత్వం వీధులను మూసివేస్తుంది, ఇళ్ళు సోదా చేస్తుంది, అనుమానితులను పట్టుకుపోతుంది. ఈ చర్యల వలన ప్రజల భయం తొలగుతున్నదా, లేక ఒకరి భయం మరొకరి నెత్తికి ఎత్తబడుతున్నదా? అసలు విచారించవలసిన ప్రశ్న ఇదే. దీనికి జవాబు ఆవేశంలో దొరకదు. ఒక కొలత కావాలి. అటువంటి కొలత ఇస్లామీయ ధర్మశాస్త్రంలో శతాబ్దాల క్రితమే సిద్ధమై ఉన్నది.

ఫుఖహా గీసిన హద్దు

మొదట గుర్తించవలసినదేమంటే, బాటలు కొట్టి, జనులను భయభ్రాంతులను చేసేవారి యెడల షరీఅత్ ఏమాత్రం మెత్తదనం చూపలేదు. మాయిదా సూరాలో 'హిరాబా' నేరానికి చెప్పిన శిక్షలు మిక్కిలి కఠినమైనవి. ఆ కాఠిన్యానికి కారణం కూడా స్పష్టమే. దొంగ ఒక ఇంటిని దోచుకుంటాడు. దారి కాచేవాడు ఊరందరి నిర్భయాన్ని దోచుకుంటాడు. అయితే నేరం ఎంత ఘోరమైతే రుజువు అంత గట్టిగా ఉండాలని ఫుఖహా పట్టుపట్టారు. నేరపు తీవ్రతను చూపి రుజువు విషయంలో సడలింపు కోరడం వారి పద్ధతి కాదు.

ఇమామ్ అబూ యూసుఫ్ (మరణం హి.182/క్రీ.శ.798) ఖలీఫా హారూన్ రషీద్ కోరికపై 'కితాబుల్ ఖరాజ్' రచించారు. అది ఏకాంతంలో వ్రాసుకున్న గ్రంథం కాదు. రాజ్యాధినేత చేతికి అందించిన పాలనా సూత్రావళి. ఒకని మీద మరొకడు ఆరోపణ చేసినంత మాత్రాన అతనిని చెరలో పెట్టడం ధర్మసమ్మతం కాదని ఆయన అందులో ఖలీఫాకు నిర్మొహమాటంగా చెప్పారు. ఆకలికి మాడ్చి, భయపెట్టి, బంధించినప్పుడు మనిషి తన మీద తానే అబద్ధం చెప్పుకొనగలడని, అటువంటి ఒప్పుకోలు చెల్లదని హజ్రత్ ఉమర్ (రజి) మాటల ఆధారంతో వివరించారు.

హజ్రత్ ఉమర్ (రజి) గురించిన మరొక ఉదంతాన్ని ఇమామ్ గజాలీ 'ఇహ్యా'లో ఉదహరించారు. రాత్రి వేళ మదీనా వీధులలో గస్తీ తిరుగుతూ ఖలీఫా ఒక ఇంట అనుమానాస్పదమైన శబ్దం విని గోడ దూకి లోనికి ప్రవేశించారు. ఇంటివాడు పాపకార్యంలో ఉన్నాడు. అయినా అతడు తడబడలేదు. తాను చేసినది ఒక తప్పయితే ఖలీఫా చేసినవి మూడన్నాడు: గూఢంగా వెదకడం, వాకిలి ఉండగా గోడ దూకడం, సలామ్ చెప్పి అనుమతి అడగకుండా ప్రవేశించడం. ఈ మూడింటినీ ఖుర్ఆన్ నిషేధించింది. అంతటి ఖలీఫా కూడా తన పొరపాటు ఒప్పుకున్నారు. తప్పు చేసిన మనిషి ఇంటికి సైతం ఒక వాకిలి, ఒక మర్యాద ఉన్నవని ఈ ఉదంతం చాటుతున్నది. మరి ఏ తప్పూ చేయనివాని ఇంటి మాట చెప్పనేల!

సూత్రరూపంలో ఈ విషయాన్ని అత్యంత స్పష్టంగా చెప్పినది కూడా ఇమామ్ గజాలీయే (మరణం హి.505/క్రీ.శ.1111). 'అల్ ముస్తస్ఫా'లో ఆయన ప్రజాప్రయోజనం పేరిట నిరపరాధికి హాని కలిగించడం ఎప్పుడైనా చెల్లునా అని విచారించారు. మూడు షరతులు కలిసివస్తే తప్ప చెల్లదన్నారు. అవసరం ప్రాణావసరమై ఉండాలి (జరూరీ). ఆ చర్యతో ఆపద తొలగుతుందన్నది నిశ్చయమై ఉండాలి (ఖత్ఈ). ఆపద కొందరికి కాక సమాజమంతటికీ సంబంధించినదై ఉండాలి (కుల్లీ). ఇందుకు ఆయన ఇచ్చిన ఒక దృష్టాంతం రేవు ఊరివారికి ఇట్టే అర్థమవుతుంది. మునిగిపోబోతున్న ఓడలో ఒకరిని సముద్రంలో పడవేస్తే మిగిలినవారు బ్రతుకుతారు. అయినప్పటికీ అది ధర్మం కాదు. ఓడలోని కొద్దిమంది సమాజమంతటితో సమానం కారు; బలి ఇవ్వడానికి ఆ ఒక్కడే అని వ్రేలు చూపే హక్కు ఎవరికీ లేదు. ఆ గ్రంథంలోనే ఆయన దొంగతనపు అనుమానితుని కొట్టి ఒప్పించే పద్ధతిని త్రోసిపుచ్చారు. దెబ్బలు తినేవాడు నిర్దోషి కావచ్చును. నేరస్థుణ్ణి కొట్టక విడిచిపెట్టడం కంటె నిర్దోషిని కొట్టడం పెద్ద కీడు అని ఆయన తర్కం.

దీనికి ప్రతిపక్షం లేకపోలేదు. ఇబ్నుల్ ఖయ్యిమ్ (మరణం హి.751/క్రీ.శ.1350) తమ 'అత్తురుఖుల్ హుక్మియ్యా'లో అనుమానితులను మూడు తరగతులుగా విభజించారు: సచ్ఛీలురుగా పేరున్నవారు, ఎట్టివారో తెలియనివారు, నేరప్రవృత్తి ఎల్లరకూ తెలిసినవారు. మూడవ తరగతివారి విషయంలో పాలకునికి కొంత కాఠిన్యం అనుమతించే పక్షం ఆయనది. ఉగ్రవాదం పేరిట పోలీసు కాఠిన్యాన్ని సమర్థించేవారికి ఈ అభిప్రాయం ఊతంగా కనబడవచ్చును. కాని ఆ విభజనకు పునాది ఏమిటో చూడాలి. అది ఒక్కొక్క వ్యక్తి స్వయంగా చేసిన పనులను బట్టి వచ్చిన ఖ్యాతి. అతని పేరు, పేట, తెగ, గడ్డం, భాష ఏవీ అందులో లెక్కకు రావు. ఒక బస్తీని మొత్తంగా, ఒక తెగను మొత్తంగా మూడవ తరగతిలో చేర్చడానికి ఇబ్నుల్ ఖయ్యిమ్ మాటలలో కూడా చోటు లేదు.

వాకపల్లి

ఈ కొలతతో చూడవలసిన మొదటి ఉదంతం విశాఖ మన్యంలోనిది. ఆ కొండలు మనుషుల వేటకు కొత్తవి కావు. 1922-24లో అల్లూరి సీతారామరాజును పట్టుకొనడానికి మలబారు ప్రత్యేక పోలీసు దళాలను, అస్సాం రైఫిల్స్‌ను దించింది ఆ అడవులలోనే. స్వాతంత్ర్యానంతరం మావోయిస్టుల కొరకు గ్రేహౌండ్స్ దళాల గాలింపు సాగినదీ అక్కడే. ఆ దళాలవారి ప్రాణాలకు కూడా ముప్పు నిజమైనదే. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో పడవపై జరిగిన దాడిలో 38 మంది భద్రతా సిబ్బంది మరణించారు. వారిలో అధికులు గ్రేహౌండ్స్‌వారే. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు వద్ద అరకు శాసనసభ్యులు కిడారి సర్వేశ్వరరావును మావోయిస్టులు కాల్చి చంపారు. ఈ విషయాలు మరచి విమర్శ చేయడం న్యాయం కాదు.

2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలంలోని వాకపల్లి అనే చిన్న ఆదివాసీ గ్రామానికి గాలింపు దళం వచ్చింది. ఆ దళంలోనివారు తమపై అత్యాచారం చేశారని కొందు తెగకు చెందిన 11 మంది మహిళలు ఫిర్యాదు చేశారు. పోలీసు శాఖ ఆరోపణను నిరాకరించింది. అక్కడి నుండి వ్యవహారం క్రింది కోర్టుకు, హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు నడిచింది. 2017లో సుప్రీంకోర్టు ఆదేశించిన మీదట విచారణ ముందుకు సాగింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ప్రత్యేక న్యాయస్థానం నిందితులైన పోలీసులను నిర్దోషులుగా విడుదల చేసింది. అయితే ఆ తీర్పులోనే దర్యాప్తు సక్రమంగా జరగలేదని తప్పుపట్టింది. ఆ మహిళలకు నష్టపరిహారం ఇప్పించవలసిందని చెప్పింది.

న్యాయస్థానం నిర్దోషులన్నవారిని దోషులనడం తగదు. కాని ఇంకొక ప్రశ్న మిగిలే ఉన్నది. మగ్గిన దర్యాప్తు మీద దాదాపు 16 సంవత్సరాల తరువాత వచ్చిన తీర్పు ఎవరికి ఊరటనిచ్చింది? ఆరోపణ అబద్ధమైతే, నిజాయితీ గల దర్యాప్తు ఆ దళం మీది మచ్చను నెలలలోనే తుడిచివేసి ఉండేది. ఆరోపణ నిజమైతే, దోషులు దొరికి ఉండేవారు. రెండూ జరగలేదు. గోడ దూకిన ఖలీఫాను ఒక సామాన్యుడు నిలదీయగలిగాడు. వాకపల్లిలో ఇంటి తలుపు వద్ద నిలిచి అడగగల స్త్రీకి ఆ మాటను ఆలకించే యంత్రాంగం సమయానికి దొరకలేదు.

మక్కా మస్జిద్

అదే సంవత్సరం, అదే రాష్ట్రంలో, వాకపల్లికి మూడు నెలల ముందు మరొక ఉదంతం జరిగింది. 2007 మే 18 శుక్రవారం నాడు హైదరాబాదు మక్కా మస్జిద్‌లో బాంబు పేలి 9 మంది నమాజీలు మరణించారు. ఆ వెంటనే నిరసన తెలిపిన జనంపై పోలీసు కాల్పులలో మరి 5 గురు మరణించారు. తరువాత జరిగిన వేటలో పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. వారు చిత్రహింసలకు గురైనారన్న ఫిర్యాదులపై రాష్ట్ర మైనారిటీల కమిషన్ ఒక న్యాయవాదిచే విచారణ జరిపించింది. ఆ ఫిర్యాదులను ఆయన నివేదిక బలపరచింది. కేసులు పెట్టబడినవారు న్యాయస్థానాలలో నిర్దోషులుగా బయటపడ్డారు. ప్రభుత్వం కొందరికి నష్టపరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. కేంద్ర సంస్థల దర్యాప్తు వేరొక దిక్కుకు మళ్ళి అసీమానంద్ మొదలైనవారిని నిందితులుగా చూపింది. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక న్యాయస్థానం వారిని కూడా సాక్ష్యాధారాలు చాలవని విడిచిపెట్టింది.

ఫలితమేమి? మస్జిద్‌లో చనిపోయినవారి రక్తానికి జవాబుదారీ ఎవరో ఏ న్యాయస్థానమూ తేల్చలేదు. గజాలీ చెప్పిన రెండవ షరతు ఇక్కడ గుర్తు తెచ్చుకొనవలసి ఉన్నది. చర్యతో ఆపద తొలగుతుందన్న నిశ్చయం ఉండాలి. ఇక్కడ నిశ్చయానికి బదులు ఊహ నిలిచింది. ఊహ తప్పు దారిలో నడచినంత కాలం అసలు నేరస్థుని జాడలు చల్లారిపోయాయి.

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా హైదరాబాదులోనే ఉన్నది. 2013 ఫిబ్రవరి 21 నాటి దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ళ కేసులో జాతీయ దర్యాప్తు సంస్థ సాక్ష్యాలు సమకూర్చింది. 2016 డిసెంబరులో న్యాయస్థానం అయిదుగురిని దోషులుగా నిర్ణయించింది. 2025లో హైకోర్టు ఆ తీర్పును ఖాయపరచింది. న్యాయస్థానంలో నిలిచినది సాక్ష్యమే కాని భయోత్పాతం కాదు.

వాకపల్లిని, మక్కా మస్జిద్‌ను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క సత్యం తేటపడుతుంది. భయం సాక్ష్యాన్ని తినివేస్తుంది. పోలీసును చూసి వణికే ఊరు పోలీసుకు ఏమీ చెప్పదు. ఏదైనా చూసినవాడు చూడలేదంటాడు, విన్నవాడు వినలేదంటాడు. బలవంతపు ఒప్పుకోళ్ళు కాగితాలు నింపుతాయి, న్యాయస్థానంలో మాత్రం నిలువవు.

ఊరు మూసిన రెండు దృష్టాంతాలు

ఊరి మొత్తాన్ని నిర్బంధించడం కొన్నిసార్లు తప్పదని వాదించేవారు పాశ్చాత్య దేశాల ఉదాహరణలు చూపుతారు. వాటిని కూడా పరిశీలించడం మంచిది.

అమెరికాలోని బోస్టన్‌లో 2013 ఏప్రిల్ 15న పరుగు పందెం వద్ద బాంబులు పేలి ముగ్గురు చనిపోయారు. వందల మంది గాయపడ్డారు. 19వ తేదీన పారిపోయిన నిందితుని కొరకు బోస్టన్‌లోను, పరిసర పట్టణాలలోను జనాన్ని ఇళ్ళలోనే ఉండవలసిందిగా గవర్నరు కోరాడు. వాటర్‌టౌన్‌లో సాయుధులు ఇంటింటా వెదికారు. పగలంతా నిందితుడు దొరకలేదు. సాయంత్రం ఆ కోరికను ఉపసంహరించిన తరువాత ఒక గృహస్థు పెరటిలోకి వచ్చి, తన పడవపై కప్పిన గుడ్డ చెదిరి ఉండటం గమనించి పోలీసులకు కబురు చేశాడు. నిందితుడు అందులోనే ఉన్నాడు. వేలమంది సాయుధులకు దొరకనివాడు ఒక గృహస్థు కంటబడ్డాడు. ఆ గృహస్థు పోలీసుకు భయపడేవాడే అయితే తలుపు వేసుకొని ఊరకుండేవాడు.

బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌ను 2015 నవంబరులో నాలుగు రోజులు దాదాపు మూసివేశారు. భూగర్భ రైళ్ళు ఆగాయి, బడులు మూతబడ్డాయి. వారు ముఖ్యంగా వెదుకుతున్నవాడు అప్పుడు దొరకలేదు. 2016 మార్చి 18న అతడు పెరిగిన మోలెన్‌బీక్ పేటలోనే దొరికాడు. మరి నాలుగు రోజులకే, మార్చి 22న, విమానాశ్రయంలోను, రైలులోను బాంబులు పేలి 32 మంది మరణించారు. ఊరు మూసినంత మాత్రాన కుట్ర మూతపడలేదు.

అయినను బోస్టన్ ఉదంతంలో మెచ్చదగిన అంశం కూడా ఉన్నది. ఆంక్ష ఒక్క పగటికే పరిమితమైనది; అది ఆజ్ఞగా కాక అభ్యర్థనగా వచ్చింది; వెదుకుతున్నది ఫలానా మనిషిని అని అందరికీ తెలుసు. మన రాష్ట్రాలలో జరిగే ముట్టడి సోదాలు ఇట్లా ఉండటం లేదు. తెల్లవారుజామున వందల మంది పోలీసులు ఒక పేద బస్తీని చుట్టుముడతారు. నిద్రలేపి గుర్తింపు కాగితాలు అడుగుతారు. చివరకు కాగితాలు లేని మోటారు సైకిళ్ళు పట్టుకొని వెళతారు. ఉగ్రవాదికై నేసిన వలలో చిక్కేది బండి కాగితాలు లేని కూలివాడు! 2024 మేలో ఆంధ్రప్రదేశ్‌లో ఓట్ల లెక్కింపుకు ముందు శాంతిభద్రతల కొరకని ఇదే పద్ధతి రాష్ట్రమంతటా వాడారు. అత్యవసరానికని పుట్టిన ఆయుధం అలవాటు పనిముట్టుగా మారడం అంటే ఇదే. అవసరం వల్ల అనుమతించినది అవసరపు మేరకే చెల్లునని, అవసరం తీరగానే అనుమతి కూడా తీరిపోవునని ఫుఖహా నొక్కి చెప్పినది ఈ ప్రమాదాన్ని ఎరిగియే.

స్వజనం, పరజనం

ఇంతవరకు విమర్శ ప్రభుత్వం మీదనే నడచింది. అది అక్కడే ఆగితే అసంపూర్ణం. మక్కా మస్జిద్ పేరు వినగానే తెలుగు ముస్లింల గుండె కలుక్కుమంటుంది. వాకపల్లి పేరు వారిలో ఎంతమందికి తెలుసు? ఒకే ఏడాది, ఒకే ప్రభుత్వం క్రింద జరిగిన రెండు ఉదంతాలలో ఒకటి మాత్రమే సముదాయపు జ్ఞాపకంలో నిలిచిందంటే, న్యాయం కోరిన ఆ కంఠంలో ఎంతో కొంత స్వపక్షాభిమానం కలిసి ఉన్నదన్నమాట.

నిసా సూరాలోని 105వ ఆయతు మొదలు కొన్ని ఆయతుల అవతరణ సందర్భాన్ని ముఫస్సిరులు ఇట్లా వివరించారు. మదీనాలో ముస్లింనని చెప్పుకునే ఒకడు కవచం దొంగిలించి, నేరాన్ని ఒక యూదుని మీదకు నెట్టాడు. అతని బంధువులు అతని పక్షాన వకాల్తా పట్టారు. అప్పుడు దైవవాణి యూదుని నిర్దోషిత్వాన్ని వెల్లడించింది. వంచకుల తరఫున వాదించవద్దని దైవప్రవక్త (స) వారినే హెచ్చరించింది. నాటి మదీనాలో యూదులతో సంబంధాలు చిక్కుగా ఉన్న సంగతి ఎవరికీ తెలియనిది కాదు. అయినా సముదాయపు పరువు కంటె ఒక్క పరాయివాని నిర్దోషిత్వమే బరువైనదిగా తూగింది. ఈ ఆయతులను పారాయణ చేసేవారు కొందు స్త్రీల ఫిర్యాదును తమది కాని వ్యవహారంగా ఎంచడం తగునా?

రెండవ లోపం కూడా ఉన్నది. పేలుడు జరిగిన ప్రతిసారీ, అది మనవారి పని కానే కాదని విచారణకు ముందే తీర్పు చెప్పేవారు కొందరు. పోలీసు ఊహ ఎంత తప్పో ఈ ఊహ కూడా అంతే తప్పు. సాక్ష్యాన్ని దాచినవాని హృదయం పాపభూయిష్ఠమని బఖరా సూరా హెచ్చరించింది. నిర్దోషిని కాపాడటం ఎంత విధియో, దోషి గురించి తెలిసినది చెప్పడం కూడా అంతే విధి. అయితే సాక్ష్యం చెప్పవలసినవాని భద్రత పాలకుని బాధ్యత. సాక్షిగా వెళ్ళినవాడు అనుమానితుడుగా మిగిలిపోతాడన్న భయం ఉన్నంతవరకు, ఆ విధిని నెరవేర్చేవారు అరుదుగానే ఉంటారు.

కొలత

దేశ రాజ్యాంగం కూడా ఈ విషయంలో వేరే దారి చూపలేదు. అరెస్టయిన వ్యక్తిని 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట నిలపాలని 22వ అధికరణం చెబుతున్నది. అరెస్టులో పాటించవలసిన నియమాలను 1996లో డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించింది. సోదాకు స్థానికులైన సాక్షులు ఉండాలని నేరవిచారణ చట్టం చెబుతున్నది. ప్రభుత్వపు ఆంక్ష దాని ప్రయోజనానికి తగినంతే ఉండాలన్న అనుపాత సూత్రాన్ని 2017లో పుట్టస్వామి కేసులోను, 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులోను న్యాయస్థానం దృఢపరచింది. ఆంక్షల ఉత్తర్వులు బహిరంగంగా ప్రకటించాలని కూడా రెండవ కేసులో చెప్పింది. గజాలీ షరతులకు, ఈ తీర్పులకు మధ్య తొమ్మిది శతాబ్దాల దూరం ఉన్నది. సారం దగ్గరగానే ఉన్నది.

కాబట్టి ఇకపై ఎక్కడైనా, అది విశాఖ రేవు కావచ్చు, మన్యపు గూడెం కావచ్చు, పాతబస్తీ కావచ్చు, వేట మొదలైనప్పుడు నాలుగు ప్రశ్నలు అడగవలసి ఉన్నది. వెదుకుతున్నది ఫలానా మనిషినా, లేక ఒక జాతినా? ఆంక్షకు ముగింపు గడియ చెప్పారా? వాకిలి ద్వారా, సాక్షుల ఎదుట, మర్యాదతో ప్రవేశించారా? తప్పు జరిగితే వెంటనే విని, దర్యాప్తు చేసి, లోటు తీర్చే దారి ఉన్నదా? ఈ నాలుగింటికీ సరియైన జవాబున్న చర్యకు సహకరించడం పౌరధర్మం, దీనిధర్మం కూడా. జవాబు లేని చర్యను చట్టబద్ధంగా ప్రశ్నించడం కూడా అంతే ధర్మం.

ఆకలిని, భయాన్ని ఒక్క చోట చేర్చి చెప్పిన ఆ చిన్న సూరాలో అభయమిచ్చేవాడు అల్లాహ్. పాలకుడు ఆ అభయానికి ధర్మకర్త మాత్రమే. ధర్మకర్త సొత్తును కొందరికి పంచి, కొందరి దగ్గర లాగుకుంటే అది అమానతులో ఖియానతే అవుతుంది. తన ఇంటి తలుపు మీది తట్టుకు నిబ్బరంగా లేచి వెళ్ళే ధైర్యం దర్గా కొండ క్రింది జాలరికి, మన్యంలోని కొందు స్త్రీకి, మక్కా మస్జిద్ నమాజీకి సమానంగా కలిగిన నాడే ఆ ఊళ్ళకు భద్రత వచ్చినట్లు.